నర్సమ్మ గారితో ఉమ్మడి సీడీ రైటరు

నర్సమ్మ గారు పోయారని సింగరాయకొండ నుంచి వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు, విసుగొచ్చింది. ఇలా చెప్తే బాగుండదు గానీ అదే నిజం. ఆవిడ పక్కింట్లో పదేళ్ళు ఉన్నాను. ఆ పదేళ్ళలో ఐదేళ్ళు ఒకే సీడీ రైటరు కోసం ఇద్దరం కొట్టుకున్నాం. ఫోన్ పెట్టేశాక నాకు గుర్తొచ్చినవన్నీ ఆ గొడవలే. మంచి మాటలు ఏమైనా ఉన్నాయా అని వెతుక్కోవాల్సి వచ్చింది.

గవర్నమెంటు నర్సు కాబట్టి అందరికీ నర్సమ్మ గారే, అసలు పేరు ఊళ్ళో సగం మందికి తెలీదు. తెలిసినవాళ్ళు కూడా వాడరు, నేనూ వాడను. మా ఊరు చీరాలకీ చిలకలూరిపేటకీ మధ్య నల్లరేగడి నేల మీద ఉంటుంది. పత్తి, మిరప, కొంచెం పొగాకు. చుట్టుపక్కల పది పన్నెండు పల్లెల్లో ముప్పై ఏళ్ళపాటు కాన్పులన్నీ ఆవిడ చేతుల మీదే జరిగాయి. మీసాలు నెరుస్తున్న మగవాళ్ళు కూడా ఆవిడ ఎదురైతే సైకిల్ దిగేవాళ్ళు. నేను నరసరావుపేట వైపు నుంచి వచ్చినవాణ్ణి, ఆవిడ చేతుల్లో పుట్టలేదు, కాబట్టి దిగేవాణ్ణి కాదు. ఆవిడ నన్ను ఎప్పుడూ కొంచెం అనుమానంగా చూడటానికి అదే కారణమని నా నమ్మకం.

చేతి గడియారం మణికట్టు లోపలివైపుకి పెట్టుకునేవారు. ఎవరేం చెప్పినా ముందు గడియారం చూసుకుని, తర్వాత జవాబు చెప్పేవారు. “కరెంటు పోయిందండీ” అంటే గడియారం చూసి “పదీ ఇరవై” అనేవారు. మా బావగారు పోయిన సంగతి చెప్తే కూడా ముందు టైము చూశారు. పుట్టిన నిమిషాన్ని పట్టుకుని రాసుకునే పనిలో ముప్పై ఏళ్ళు గడిపిన మనిషికి లోకంలో ప్రతిదీ రాసుకోవాల్సిన సంగతిలాగే కనపడేదేమో.

గవర్నమెంటు రిజిస్టరు వేరు. అది కాక ఆవిడ సొంతంగా నోటు పుస్తకాలు పెట్టుకున్నారు. ఏ ఊరు, తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఎన్నో కాన్పు, ఆడా మగా, ఏ తేదీ, ఎన్ని గంటలకి. చివర ఒక వెడల్పాటి గడి, అందులో ఆవిడకి తోచింది రాసుకునేవారు. రిటైరయ్యాక కూడా జనం వచ్చేవాళ్ళు. పాస్‌పోర్టుకని ఒకడు, పెన్షన్‌కని ఒకడు, “నర్సమ్మగారూ, నేను ఏ సంవత్సరం పుట్టానో చూడండి” అంటూ. ఆవిడ పుస్తకం తీసి చూసి, తెల్లకాగితం మీద చీటీ రాసిచ్చేవారు. ఒక ఏడు వానాకాలంలో బీరువా అడుగున చెదలు పట్టాయి. నాలుగు పుస్తకాలు పిండి అయిపోయాయి. మిగిలినవి పోకముందే ఎక్కించాలని, అరవై దాటిన వయసులో కంప్యూటర్ కొన్నారు.

నేను ఇంటి ముందు గదిలో డీటీపీ పని చేసేవాణ్ణి. శుభలేఖలు, కరపత్రాలు, విత్తనాల కొట్ల క్యాలెండర్లు. నా కంప్యూటరూ ఆవిడ కంప్యూటరూ చీరాలలో మూతపడిన ఒకే ట్రైనింగ్ సెంటర్లో కొన్న పాతవి. రెండింటికీ ఫ్లాపీ తప్ప ఇంకేం లేదు. నేను కొట్టిన డిజైన్లు ఫ్లాపీల్లో పట్టేవి కావు, సీడీ మీద రాసి బస్సులో గుంటూరు ప్రెస్సుకి పంపాలి. ఆవిడకేమో ఎక్కించినదాన్ని దాచుకోవడానికి సీడీలు కావాలి. అప్పట్లో సీడీ రైటరు ధర ఇద్దరిలో ఏ ఒక్కరికీ అందేది కాదు. చెరిసగం వేసుకుని ఒకటి కొన్నాం. నా జీవితంలో చేసిన తెలివితక్కువ పనుల్లో అది మొదటి మూడింట్లో ఉంటుంది.

అది బయట పెట్టుకునే రకం కాదు. వాడినప్పుడల్లా డబ్బా విప్పాలి, మరలు తీయాలి, వైర్లు పెట్టాలి. పైగా నా దాంట్లో హార్డ్ డిస్కూ, ఈ రైటరూ ఒకే పట్టీ వైరు మీద పనిచేయాలి కాబట్టి రైటరు ‘స్లేవ్’ కావాలి. ఆవిడ దాంట్లో దానికి వేరే వైరు ఉంది, అక్కడ ‘మాస్టర్’ కావాలి. వెనక జంపర్ అని బియ్యపు గింజంత ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. ఇల్లు మారినప్పుడల్లా దాన్ని ఒక చోటు నుంచి తీసి ఇంకో చోట గుచ్చాలి. మొదటిసారి ఇదంతా వివరంగా చెప్తే ఆవిడ గడియారం చూసుకుని, “అంటే మా ఇంట్లో ఉన్నప్పుడు యజమాని, మీ ఇంటికి రాగానే బానిసా?” అన్నారు.

“అది పేరు మాత్రమేనండీ. పనిలో తేడా ఏం ఉండదు.”

“తేడా లేకపోతే మీ ఇంట్లో కూడా మాస్టరనే పెట్టు.”

“అట్లా పెడితే పనిచేయదండీ.”

“అదీ సంగతి. తేడా ఉంది కాబట్టే పనిచేయదు.”

ఈ ముక్క ఐదేళ్ళలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. జంపర్ పోకుండా ఖాళీ ఇంజెక్షన్ సీసాలో వేసి రబ్బరు మూత పెట్టేవారు. రైటరుని గాజుగుడ్డలో చుట్టి, సూదులు ఉడకబెట్టే పాత స్టీలు డబ్బాలో పెట్టి, రెండు చేతుల్తో పట్టుకుని రెండిళ్ళ మధ్య గోడలో ఉన్న తలుపులోంచి వచ్చేవారు. చూసేవాళ్ళకి అందులో పసిపిల్ల ఉందేమో అనిపించేది. జాగ్రత్త అంతవరకే. సీడీలని స్పిరిట్ దూదితో గుండ్రంగా తుడిచేవారు. గుండ్రంగా తుడవకూడదండీ, మధ్య నుంచి అంచుకి తుడవాలి అంటే, “సూది వేసే చోట ఎట్లా తుడవాలో నాకు నేర్పుతావా?” అనేవారు. సీడీల మీద పేర్లు బాల్‌పెన్నుతో గట్టిగా నొక్కి రాసేవారు. మార్కరుతో రాయండి అంటే చెరిగిపోద్ది అనేవారు. ఆ దెబ్బకి ఆవిడ సీడీలు ఆ ఒక్క రైటరులో తప్ప భూమ్మీద ఇంకే డ్రైవులోనూ చదవబడేవి కావు. అందులోనూ మూడుసార్లు లోపలికీ బయటికీ తోస్తే నాలుగోసారి.

పైగా తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక్క వేలితో కొట్టేవారు. అదే పేరు ఒక చోట ఒకలాగా, ఇంకో చోట ఇంకోలాగా ఉండేది. “వెతికితే ఎట్లా దొరుకుతుందండీ?” అంటే, “నాకు దొరుకుద్ది” అనేవారు. రెండో ఏడు ఎండల్లో కరెంటు ఎక్కువ తక్కువ అయి ఆవిడ హార్డ్ డిస్కు పోయింది. అప్పటి నుంచి హార్డ్ డిస్కుని నమ్మడం మానేశారు. ఎక్కించింది ఎక్కించినట్టు సీడీకి రాసేసి, చెదలు తిన్న పుస్తకాలని పొయ్యిలో వేసేవారు.

శనివారం ఇస్తానన్న రైటరు మంగళవారం దాకా వచ్చేది కాదు. అడిగితే “ఒక పుస్తకం మధ్యలో ఉన్నా” అనేవారు. పెళ్ళిళ్ళ రోజుల్లో నాకు ఊపిరాడేది కాదు. ఒకసారి నాలుగు రోజులు అడిగి అడిగి విసిగిపోయి, నా హార్డ్ డిస్కు విప్పి సంచిలో వేసుకుని, చీరాల పోయి వేరేవాళ్ళ దగ్గర రాయించుకొచ్చాను. తిరిగొచ్చేసరికి రైటరు నా బల్ల మీద ఉంది. పక్కన కాగితం, “ఒక మర తక్కువ ఉన్నది. నీ దగ్గరే పోయింది” అని.

ఇది జరిగిన వారానికే ఆ రైతు వచ్చాడు. మాఘమాసం. పది మైళ్ళ అవతల పల్లె, మిరప వేస్తాడు. కూతురి పెళ్ళి, ముహూర్తం ఇంక పన్నెండు రోజులే ఉంది. కార్డు మర్నాడే గుంటూరు పోవాలన్నాడు. ఆ రాత్రే కొట్టిపెట్టాను, తెల్లారి వచ్చి తప్పులు చూసుకుంటున్నాడు. రైటరు నా కంప్యూటర్లోనే ఉంది. పదకొండింటి బస్సు డ్రైవరుకి సీడీ ఇస్తే మధ్యాహ్నానికి ప్రెస్సుకి చేరుతుంది.

నర్సమ్మ గారు ఖాళీ స్టీలు డబ్బా పట్టుకుని రైటరు కోసం వచ్చారు. వచ్చి, అలవాటు ప్రకారం నా వెనక నిలబడి తెర మీద ఉన్నది పైకి చదవడం మొదలుపెట్టారు. అమ్మాయి పేరు శివపార్వతి. తండ్రి పేరు, ఊరి పేరు కూడా చదివి ఆగిపోయారు. బెంచీ మీద కూర్చున్న రైతు వైపు తిరిగారు.

“కోటేశ్వరమ్మ కూతురేనా?”

“అవునండీ. మీరు పురుడు పోసిన పిల్లే.”

“ఆ పిల్లకి ఈ నెల్లో పదహారు నిండుతున్నాయి. పెళ్ళేంటి?”

అతను నవ్వాడు. “పొరబడ్డారు నర్సమ్మగారూ. మొన్న దీపావళికే పద్దెనిమిది నిండినయ్.” చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి పసుపు పట్టిన చీటీ విప్పి ఆవిడ చేతికిచ్చాడు. “ఇది మీ చేతిరాతేగా?”

ఆవిడ చాలాసేపు చూశారు. “నా రాతే. కానీ ఈ పిల్ల మూడో నెలలో విరేచనాలతో పోయింది. ఇప్పుడున్నది దాని తర్వాత రెండేళ్ళ మీద పుట్టిన పిల్ల. అదే పేరు మళ్ళీ పెట్టుకున్నారు.”

అతని మొహంలో నవ్వు పోయింది. “ఎప్పటి మాటలో అయ్యి. బళ్ళో కూడా ఈ తేదీయే వేయించాం. గుళ్ళో పెళ్ళికి వయసు కాగితం అడిగితే ఇదే చూపించా, సరే అన్నారు. మీరు ఇప్పుడొచ్చి నోటితో అంటే అయిపోద్దా?”

“నోటితో కాదు. రాసిపెట్టుకున్నా.” నా వైపు తిరిగారు. “అబ్బాయ్, రైటరు విప్పు. ఆ సంవత్సరాల సీడీ నా దగ్గరుంది. అరగంటలో చూపిస్తా.”

ఇక్కడ నేనేం చేశానో దాచకుండా చెప్పాలి. ఇవ్వనన్నాను.

“పదకొండింటికి బస్సండీ. ఇప్పుడు విప్పితే ఇంకేం రాస్తాను? ఒక్క గంట ఆగండి.”

“గంట తర్వాత ఈ కార్డు బస్సెక్కి పోతది.”

“ఇదొక్కటే కాదు, ఇంకో రెండు కార్డులు పోవాలి. అయినా మొన్న నేను నాలుగు రోజులు అడిగాను. ఇచ్చారా? ఇవాళ మీరు ఆగండి.”

బస్సు సంగతి నిజమే. కానీ నా గొంతులో ఉన్నది బస్సు కాదు, ఆ నాలుగు రోజులు. ఒక్కసారైనా ఆవిడ నా గుమ్మంలో నిలబడి ఎదురుచూడాలని ఉంది నాకు. ఆవిడ చెప్పేది నిజమని నాకు తెలుసు. ఐదేళ్ళలో ఆవిడ ఒక్క తేదీ తప్పు చెప్పగా నేను వినలేదు. తెలిసే ఇవ్వలేదు. ఆవిడ గడియారం చూసి, “తొమ్మిదీ నలభై” అని, ఖాళీ డబ్బా పట్టుకుని వెళ్ళిపోయారు.

సీడీ పెట్టి రాయడం మొదలుపెట్టాను. సగంలో ఆగిపోయింది. అలా ఆగితే ఆ సీడీ ఇక పనికిరాదు. రెండోది పెట్టాను. ఆఖరి దాకా పోయి, అక్కడ ఆగింది. మూడోది అసలు ఉన్నట్టే గుర్తించలేదు. రైతు నా భుజం మీదుగా చూస్తున్నాడు.

“ఏందండీ, మీ మిషను కూడా ఆవిడ మాటే వింటందా?”

నాలుగోది కూడా పోయాక ఇక ఆగలేదు. ఇంటికెళ్ళి డబ్బులు తీసుకుని చీరాలలో కొట్టించుకుంటానని, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మోటారు సైకిల్ ఎక్కి వెళ్ళాడు. పదకొండింటి బస్సు మా వీధి చివర హారన్ కొట్టుకుంటూ పోవడం వినిపించింది. డబ్బా విప్పి రైటరు బయటికి లాగాను. లోపలంతా స్పిరిట్ మరకలు. ఈవిడ తుడిచీ తుడిచీ దీన్ని చంపేసింది, తీసుకెళ్ళి ఆవిడ ముందు పడేసి, ఇవాళ్టితో ఈ ఉమ్మడి వ్యవహారం అయిపోయిందని చెప్పొస్తాను అనుకుంటూ వెళ్ళాను. మంచి బుద్ధి పుట్టి వెళ్ళానని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు.

ఆవిడ కంప్యూటర్ డబ్బా అప్పటికే విప్పి ఉంది. మరలు స్టీలు పళ్ళెంలో వరసగా పెట్టి ఉన్నాయి. జంపర్ కోసం పట్టుకారు చేతిలో ఉంది. కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. పడేద్దామని తెచ్చిన రైటరుని ఆవిడ ముందు చాపాను. ఆవిడ అందుకుని, జంపర్ మార్చి, బిగించారు. సీడీ నాలుగుసార్లు బయటికి తోసింది. ఐదోసారి చదివింది. కోటేశ్వరమ్మ కోసం వెతికాం. ఆ పేరుని ఎన్నిరకాలుగా రాయొచ్చో అన్నిరకాలుగా వెతికాం, ఆవిడ ఏ రకంగా రాశారో ఆవిడకే గుర్తులేదు. ఆఖరికి నెల పట్టుకుని వరసగా చదువుకుంటూ పోతే దొరికింది.

ఫ్లాపీలో వేసుకుని మా ఇంట్లో ప్రింటు తీశాను. నా స్కూటరు వెనక ఆవిడ ఒక పక్కకి కూర్చున్నారు. దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఘాటుకి ఇద్దరం దగ్గుతూనే ఉన్నాం. వెళ్ళేసరికి రైతు ఇంట్లోనే ఉన్నాడు. చీరాల పోవడానికి బట్టలు మార్చుకుంటున్నాడు. ఆవిడ కాగితం ఇస్తే పైనుంచి కిందికి చూసి తిరిగి చేతిలో పెట్టేశాడు.

“కంప్యూటర్ కాగితమా? ఈయన రోజూ వంద కొడతాడు. నేను ఇరవై ఏళ్ళని కొట్టమంటే ఇరవై కొడతాడు. నా దగ్గరున్నది మీ చేతిరాత. ఏది నమ్మాలండీ?”

అతనన్నది అక్షరాలా నిజం. పొద్దుటి నుంచి నాలుగు సీడీలు పాడుచేసుకుని, ఆ రోజు పనంతా పోగొట్టుకుని, ఆ మొండి డ్రైవుతో పెనుగులాడి మేము తెచ్చిన కాగితానికి ఏ విలువా లేదు. పుస్తకం ఉంటే సిరా రంగైనా చూపించేవాళ్ళం. దాన్ని ఆవిడే పొయ్యిలో వేశారు. నాకు ఆవిడ మీద, అతని మీద, నా మీద ఒకేసారి ఒళ్ళు మండింది. పదండి పోదాం అన్నాను.

ఆవిడ కదల్లేదు. కళ్ళజోడు పెట్టుకుని, వాకిట్లో నిలబడి, ఇల్లంతటికీ వినపడేలా చదవడం మొదలుపెట్టారు. ఊరి పేరు, తల్లి పేరు, తేదీ. రెండో కాన్పు, ఆడపిల్ల. మధ్యాహ్నం పన్నెండూ పదిహేను. తర్వాత ఆ చివరి గడిలో రాసుకున్నది.

“తల్లి నిన్న సాయంత్రం దాకా కాయ కోతకి పోయింది. పిల్ల ఏడవలేదు. తలకిందులుగా పట్టుకుని వీపు మీద కొట్టాక ఏడ్చింది. మొదటి పిల్ల పోయినందున తల్లి ఈ పిల్లని చూడనన్నది. మూడు గంటలకి చూసింది.”

ఇంటి పక్క మిరప రాశి దగ్గర కాయ ఏరుతున్న ఒకామె లేచి వచ్చింది. ఘాటుకి ముక్కుకి కట్టుకున్న గుడ్డ కిందికి లాగింది. కోటేశ్వరమ్మ.

“అవును, చూళ్ళేదు” అంది. “ఇది కూడా పోద్దేమోనని భయమేసి చూళ్ళేదు. మీరే తెచ్చి పక్కన పడుకోబెట్టారు.” తర్వాత మొగుడి వైపు తిరిగింది. “పోయినదాని ఏళ్ళు తెచ్చి దీనికి కలుపుతావా? దాన్ని వాగు గట్టున పెట్టొచ్చింది నువ్వే గదా. నీకు తెలీదా?”

అతను మంచం మీద కూర్చుండిపోయాడు. అరుస్తాడనుకున్నాను. “మరి మగపెళ్ళివాళ్ళకి నేనేం చెప్పాలి?” అన్నాడు, ఎవర్నీ చూడకుండా.

గుమ్మంలో ఆ అమ్మాయి నిలబడి ఉంది. రెండు జడలు, చేతికి ఎర్ర మిరప మరకలు. “అయితే నా పుట్టినరోజు దీపావళికి కాదా?” అని అడిగింది.

“కాదమ్మా” అన్నారు నర్సమ్మ గారు. “వచ్చే గురువారం.”

ఆ పెళ్ళి ఆ ఏడు జరగలేదు. నెల రోజులు రెండు కుటుంబాలూ గొడవపడ్డాయని విన్నాను. మరో రెండున్నరేళ్ళకి వేరే సంబంధం చేశారు. కార్డులు గుంటూరులోనే కొట్టించుకున్నారు. ఆ పల్లె నుంచి నా దగ్గరికి మళ్ళీ ఎవరూ రాలేదు. నర్సమ్మ గారు మర్నాడు పొద్దున్నే రైటరు తెచ్చిచ్చారు. ‘బాగా చేశావు’ అని గానీ, ‘ఎందుకు ఆపావు’ అని గానీ అనలేదు. ఆ రోజు అంతగా మొరాయించిన రైటరు తర్వాత మామూలుగానే పనిచేసింది, మా గొడవలూ మామూలుగానే నడిచాయి. అది నాకు మరీ కష్టంగా ఉండేది. ఒకసారి గట్టిగా తిట్టేస్తే తేలిపోయేది. మరుసటి ఏడు ధరలు తగ్గాక నేను వేరేది కొనుక్కున్నాను. ఉమ్మడిది ఆవిడకే వదిలేశాను. ఎటూ ఆవిడ సీడీలు ఇంకెందులోనూ ఆడవు.

ఇంకో మూడేళ్ళకి మోకాళ్ళు పనిచేయక సింగరాయకొండలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు. సామాను చిన్న ట్రాలీ ఆటోలో పట్టింది. కంప్యూటర్ నేనే మోసుకొచ్చి ఎక్కించాను. ఎక్కించాక, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదని, “నర్సమ్మగారూ, ఆ రోజు నేను రైటరు ఇవ్వనన్నది బస్సు కోసం కాదండీ” అని మొదలుపెట్టాను.

“తెలుసు” అన్నారు. “మీదపడి లాక్కోలేదు గదా నేను. ఎందుకు లాక్కోలేదనుకున్నావ్?”

నాకు తెలీదన్నాను.

“మొదటి పిల్లకి తండ్రి వచ్చి అడిగాడు. చీటీ రాసిచ్చా. రెండోది మళ్ళీ ఆడపిల్లే, ఎవరూ అడగలేదు. అడక్కపోతే నేను రాయొద్దా? ఐదు నిమిషాల పని. రాసిస్తే ఈ పిల్ల చీటీ కూడా వాళ్ళింట్లోనే ఉండేది.” ఆటో అంచు పట్టుకుని ఒక కాలు పైకి పెట్టారు. నేను మోచేయి పట్టుకున్నాను. “నువ్వు గంటే ఆపావు అబ్బాయ్. నేను పదహారేళ్ళు ఆపా.”

డ్రైవరు పక్కన కూర్చుని, చీర సర్దుకుని, నా వెనక్కి చూశారు. “వెళ్ళు. నీ కోసం ఎవరో వచ్చారు.”

చూస్తే నిజంగానే మా అరుగు మీద ఇద్దరు మనుషులు కార్డు కోసం కూర్చుని ఉన్నారు. నేను ఇంకో మాట అనేలోపు ఆటో కదిలింది.